మెట్ల కింద సైకిల్ మళ్ళీ రోడ్డెక్కాలంటే

చేతికి గడియారం, ఇంటికి రేడియో, గుమ్మంలో సైకిల్. ఒకప్పుడు తెలుగింట కొత్త అల్లుడికి ఈ మూడూ ముడితేనే మర్యాద జరిగినట్టు. గడియారం ఎప్పుడో ఆగిపోయింది. రేడియో ఏ పాత సామాన్లవాడి తక్కెడలోకో వెళ్ళిపోయింది. సైకిల్ మాత్రం చాలా ఇళ్ళల్లో ఇంకా ఉంది. మెట్ల కిందో, పశువుల చావిట్లోనో, డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కనో, టైర్లలో గాలి లేకుండా, మీద పాత గోనెసంచులు మోస్తూ ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఇంట్లో ఒకరు ‘ఇనప సామాన్లకి వేసేద్దాం’ అంటారు. ఇంకొకరు ‘నాన్నగారిది, ఉండనీ’ అంటారు. అక్కడితో ఆ మాట ఆగిపోతుంది.

ఈ కథనం ఆ రెండో మనిషి కోసం. ఆ సైకిల్‌ని ఇంట్లోనే, సొంత చేతులతో, మళ్ళీ తొక్కేలా చేయొచ్చు. మనసుకు నచ్చిన రంగూ వేసుకోవచ్చు. అందుకు వర్క్‌షాపు అక్కర్లేదు. ఒక వరండా, నాలుగు స్పానర్లు, కొంచెం కిరసనాయిలు ఉంటే చాలు. వీటన్నిటికంటే ముఖ్యంగా కావలసింది నిదానం. ఆదివారం పొద్దున హార్డ్‌వేర్ షాపులో స్ప్రే డబ్బా కొని, మధ్యాహ్నానికల్లా తుప్పు మీదే కొట్టేసి, సాయంత్రం ఫొటో తీసుకునే పద్ధతి ఒకటి ఈమధ్య బాగా కనిపిస్తోంది. ఒక వానాకాలం గడిచేసరికి ఆ రంగు పెళ్ళలుగా లేస్తుంది. తుప్పు బతికే ఉంటుంది. ఆ రంగు కింద పడిన, సైకిల్ మోసిన గుర్తులు మాత్రం శాశ్వతంగా పోతాయి.

ముందు దాన్ని చదవండి

పాత సైకిల్ దగ్గర కూర్చుని చేయాల్సిన మొదటి పని గోకడం కాదు, చూడడం. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, పగటి వెలుతురులో నెమ్మదిగా చూడండి. హ్యాండిల్ కింద, ముందు గొట్టం మీద లోహపు బిళ్ళ ఉంటుంది. భూగోళాన్ని మోస్తున్న మనిషైతే అట్లాస్. నిలబెట్టిన మూడు తుపాకులైతే బీఎస్ఏ. ఆ కంపెనీ మొదట బర్మింగ్‌హామ్‌లో తుపాకులు చేసేది, అందుకే ఆ గుర్తు. కొంగ తలైతే రాలీ. బిళ్ళ ఊడిపోయినా పెడల్ దగ్గరి పళ్ళచక్రం చెబుతుంది. బీఎస్ఏ వాళ్ళు అక్షరాలనీ, రాలీ వాళ్ళు కొంగ తలలనీ ఆ చక్రంలోనే కోసి పెట్టేవారు.

ఈ పేర్లన్నీ మన ఊళ్ళకి వచ్చిన దారి వేరువేరు. 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో టీఐ సైకిల్స్ మొదలైంది. హెర్క్యులస్, బీఎస్ఏ, ఫిలిప్స్ అక్కడివే. కోస్తా, రాయలసీమ అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి కాబట్టి అవి మనకి సొంత రాష్ట్రపు సైకిళ్ళు. రాలీ, హంబర్ బండ్లు బెంగాల్‌లోని ఆసన్‌సోల్‌లో సేన్-రాలీ ఫ్యాక్టరీలో తయారయ్యేవి. 1951లో నేటి హర్యానాలోని సోనీపత్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో వచ్చాయి. ప్రపంచంలోనే ఎక్కువ సైకిళ్ళు చేసే కంపెనీగా 1986లో హీరో గిన్నిస్ పుస్తకానికెక్కింది. అట్లాస్ కథ మరోలా ముగిసింది. సాహిబాబాద్‌లోని ఆ కంపెనీ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. అది ప్రపంచ సైకిల్ దినోత్సవం. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. మా ఇంట్లో ఉన్నది అట్లాసే.

కంపెనీ గుర్తుల తర్వాత మనుషుల గుర్తులు చూడాలి. చైన్ కవర్ మీద తెల్ల రంగుతో యజమాని పేరు, ఊరు రాయించుకోవడం అప్పట్లో మామూలు. ఫ్రేమ్ మీద పేరులోని పొడి అక్షరాలు పంచ్‌తో కొట్టించుకున్నవాళ్ళూ ఉన్నారు. మునిసిపాలిటీలు, పంచాయతీలు సైకిల్‌కి లైసెన్సు వసూలు చేసిన కాలంలో ఇచ్చిన రేకు బిళ్ళ ఏ హ్యాండిల్ నట్టుకో ఇంకా వేలాడుతుండవచ్చు. పై గొట్టం మీద ఒకచోట రంగు పోయి ఇనుము నున్నగా మెరుస్తుంటే అక్కడ చిన్నపిల్లల సీటు బిగించి ఉంటారు. క్యారియర్ ఒక పక్కకి ఒరిగి ఉంటే అది ఏళ్ళ తరబడి పాల క్యానో, బియ్యం మూటో మోసింది. వెనక మడ్‌గార్డు చివర తెల్ల పట్టీ రాత్రిపూట వెనక వచ్చేవాళ్ళకి కనబడడానికి వేసింది. అన్నిటినీ ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. సీటు గొట్టం పై చివరనో, పెడల్ ఇరుసు గొట్టం అడుగునో ఫ్రేమ్ నంబర్ ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి.

మా వీధి చివర సైకిల్ షాపు బాబాయ్ దగ్గరికి బండిని నడిపించుకుని వెళ్తే ఆయన ముందు చేసింది కూడా ఇదే. చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

“నాన్నగారిదా బాబూ?”

“అవును బాబాయ్. మొత్తం గీకేసి కొత్త రంగు వేద్దామని.”

“ఫ్రేమ్ గీకు. మడ్‌గార్డులు గీకు. చైన్ కవర్ మాత్రం ముట్టుకోకు. ఆ అక్షరాలు ఆయన దగ్గరుండి రాయించుకున్నవి.”

ఆ ఒక్క మాటలో ఈ పనికి కావలసిన వివేకమంతా ఉంది. అసలు రంగు సగానికి పైగా నిలిచి ఉంటే ఆ సైకిల్‌కి కొత్త రంగు వేయొద్దని నా గట్టి అభిప్రాయం. కిరసనాయిలు గుడ్డతో జిడ్డు తుడిచి, ఆరాక మైనం పాలిష్ రుద్దితే ఆ పాత నలుపు లోపలి నుంచి పైకి వస్తుంది. కొందరు మరిగించిన అవిసె నూనె పల్చగా రాస్తారు, అదీ మంచిదే. కానీ ఆ నూనె గుడ్డని ఉండచుట్టి మూలన పడేయకండి. గాలి తగులుతూ ఆరేటప్పుడు దానిలో వేడి పుట్టి, దానంతటదే అంటుకోవచ్చు. విప్పి పరిచి ఆరబెట్టి, తర్వాతే పారేయాలి.

విప్పడంలో ఓర్పు

ఫ్రేమ్ బాగుందో లేదో తేల్చుకోకుండా ఒక్క నట్టూ విప్పొద్దు. గొట్టాలు కలిసే చోట ఇత్తడితో అతికిన ఇనప జోళ్ళుంటాయి. వాటి అంచుల వెంట సన్నని వెంట్రుకలాంటి పగులు ఉందేమో చూడండి. ముందు ఫోర్క్ వెనక్కి వంగిందేమో పక్క నుంచి చూడండి. సీటు నట్టు ఒక్కటే వదులు చేసి, సీటు పైకి తీసి, ఆ గొట్టం లోపల టార్చి వేయండి. వాన నీళ్ళు అక్కడి నుంచే దిగి పెడల్ ఇరుసు దగ్గర నిలుస్తాయి. చిన్న సుత్తితో తడితే గట్టి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది. ఫోర్క్ పగిలి ఉంటే దానికి రంగు వేయడం పాపం. మార్చండి. మనిషి ముఖం ఆధారపడేది ఆ భాగం మీదే.

ఎడమ పెడల్‌కి మర ఎదురుగా ఉంటుంది, మామూలుగా బిగించే వైపు తిప్పితే ఊడుతుంది. కుడివైపు ఇరుసు కప్పు కూడా అంతే. ఈ సంగతి తెలియక బలం ఉపయోగించి మరలు చెడగొట్టిన బండ్లు ప్రతి షాపులోనూ కనబడతాయి. ఆ కుడి కప్పు బాగుంటే దాని జోలికి పోకుండా అలాగే ఉంచి పని చేసుకోవడం మేలు.

అన్నిటికంటే మొండిది, పెడల్ కడ్డీని (క్రాంక్‌ని) ఇరుసుకి బిగించే కాటర్ పిన్ను. ముందు రోజు రాత్రే నూనె పోసి వదిలేయాలి. నట్టు పూర్తిగా తీయకుండా పిన్ను చివరకి సమంగా ఉంచి, క్రాంక్ కింద ఇనప గొట్టం ముక్క ఆనించి, అప్పుడు ఒకే ఒక్క గట్టి దెబ్బ వేయాలి. ఆనింపు లేకుండా కొట్టే పది దెబ్బలూ లోపలి బాల్సు మీద, కప్పుల మీద పడతాయి. పిన్ను పోయినా దిగులు లేదు, అది ఇప్పటికీ ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. బ్రేకు కడ్డీలూ దొరుకుతాయి, ఇరవై ఎనిమిది అంగుళాల టైర్లూ దొరుకుతాయి. ఈ సైకిల్ ఇంతకాలం బతకడానికి అదే కారణం. దీని ఏ భాగమూ ఒంటరిది కాదు.

బాల్సు కిందపడి దొర్లకుండా పళ్ళెంలో పాత తువ్వాలు పరిచి విప్పండి. వెనక హబ్‌లో పక్కకి తొమ్మిది, పెడల్ ఇరుసులో పక్కకి పదకొండు, రెండూ పావు అంగుళం సైజువే. పాతవి దాచి పెట్టుకుని మళ్ళీ వాడకండి. కొత్తవి కొనండి.

తుప్పు

తుప్పుకి మన వంటింట్లోనే మందుంది. కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, నట్లు, బోల్టులు, స్టాండు వంటివి ఒక రాత్రి నాననిస్తే పొద్దునకి తుప్పు నల్లటి బురదలా తుడుచుకుపోతుంది. వెంటనే మంచినీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి, నూనె పూయాలి. లేదంటే గంటలో మళ్ళీ ఎర్రబారుతుంది. చైన్, సీటు స్ప్రింగులు, బాల్సు మాత్రం ఇందులో వేయకూడదు. గట్టిపరిచిన ఉక్కుని ఆమ్లం పెళుసుగా మారుస్తుంది. పైకి శుభ్రంగా కనిపించిన స్ప్రింగు తర్వాతెప్పుడో మనిషి కూర్చున్నప్పుడు విరుగుతుంది.

హ్యాండిల్, రిమ్ముల మీద మెరుపు పూతకి అల్యూమినియం ఫాయిల్ ముక్క నీళ్ళలో తడిపి రుద్దండి. పూత కంటే అల్యూమినియం మెత్తన, కాబట్టి గీతలు పడవు. పొర ఊడి ఇనుము బయటపడిన చోట్లు అలాగే ఉంటాయి. ఉండనివ్వండి. మళ్ళీ పూత వేయించాలంటే దానికి వాడే క్రోమియం ద్రావణం విషం. ఇంట్లో చేసే పని కాదది.

పాత రంగు తీసేటప్పుడు ఒక జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో తొంభైకి మించకూడదని మన దేశంలో నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు పూసిన రంగులో అది ఎంతైనా ఉండొచ్చు. కాబట్టి పొడిగా గీకి దుమ్ము లేపొద్దు. వాటర్ పేపర్‌ని నీళ్ళలో ముంచి తడిగా రుద్దాలి. రాలిన బురదని కాగితంలో పోగుచేయాలి, మొక్కల్లో పోయకూడదు. ఆ చుట్టుపక్కల పిల్లల్ని తిరగనివ్వొద్దు.

రంగు కింద రంగు

జనం రంగు అనగానే పైన కనిపించే ఎరుపో నీలమో అనుకుంటారు. నిలబడేదీ నిలబెట్టేదీ దాని కింద ఉన్నది. ఇనుము బయటపడిన వెంటనే, అదే రోజు, చేతి చెమట కూడా తగలకుండా థిన్నర్ గుడ్డతో తుడిచి రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ పడాలి. మన తీరప్రాంతంలో ఉప్పుగాలికి ఒట్టి ఇనుము ఒక రాత్రిని తట్టుకోదు. ప్రైమర్ ఆరాక గుంటలున్న చోట లప్పం పెట్టి, నాలుగు వందల నంబరు వాటర్ పేపర్‌తో తడిగా సాపు చేయాలి. కళ్ళు మూసుకుని వేలితో తడమండి. కంటికి కనిపించని ఎత్తుపల్లాలు వేలికి తెలుస్తాయి. మళ్ళీ ప్రైమర్, మళ్ళీ సాపు. పని మొత్తంలో సగం కాలం ఇక్కడే గడవాలి. ఇక్కడ ఆదా చేసిన గంటలన్నీ పై రంగు మీద మచ్చలై కనబడతాయి.

పై రంగుకి మూడు దారులున్నాయి. బయట పౌడర్ కోటింగ్ చేయించడం ఒకటి. గట్టిగా ఉంటుంది. కానీ ఆ పొర మందం వల్ల జోళ్ళ అంచుల్లోని పదును మూసుకుపోతుంది. పాత సైకిల్ అందమంతా ఆ అంచుల్లోనే ఉంది కనుక నాకది ఇష్టం లేదు. రెండోది కార్లకి వాడే, గట్టిపరిచే మందు కలిపే పీయూ రంగు. ఆ మందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తుల్ని శాశ్వతంగా దెబ్బతీయగలవు. సరైన శ్వాస పరికరాలున్న చోట తప్ప ఇంటి వరండాలో దాన్ని స్ప్రే చేయనే కూడదు. మూడోది మామూలు ఎనామెల్. బ్రష్‌తో గానీ, స్ప్రే డబ్బాతో గానీ వేయొచ్చు. ఇంటి పనికి ఇదే నా సలహా.

బ్రష్ అంటే చిన్నచూపు వద్దు. పదోవంతు టర్పెంటైన్ కలిపి, పల్చటి నూలు గుడ్డలో వడగట్టిన ఎనామెల్‌ని మెత్తటి బ్రష్‌తో గొట్టం పొడవునా ఒకే దిశలో లాగితే దానంతటది సర్దుకుంటుంది. చిక్కగా ఒకసారి కాదు, పల్చగా మూడుసార్లు వేయాలి. పొరకీ పొరకీ మధ్య ఒక రోజు ఆరనిచ్చి ఎనిమిది వందల నంబరు పేపర్‌తో తడిగా రుద్దాలి. డబ్బా స్ప్రే అయితే ఫ్రేమ్‌ని తాడుతో వేలాడదీసి, జానెడు దూరం నుంచి, చెయ్యి కదలడం మొదలయ్యాకే మీట నొక్కి, గొట్టం దాటాకే వదలాలి. ముందు జోళ్ళు, సందులు. తర్వాతే పొడుగు గొట్టాలు. వంటగ్యాస్, దేవుడి దీపం, ఫ్రిజ్ ఉన్న గదులకి దూరంగా, గాలి ఆడే చోట చేయాలి. ముక్కుకి చేతిరుమాలు చాలదు. రసాయనాల ఆవిరిని ఆపే ఫిల్టర్ ఉన్న మాస్కు కావాలి.

మరలు, కప్పులు కూర్చునే చోట్లు, ఫ్రేమ్ నంబరు మీద ముందే టేపు వేయండి. చక్రం ఇరుసు కూర్చునే గాడుల్లో రంగు దట్టంగా పడితే నట్టు బిగించినప్పుడు అది నలిగి పొడై, తర్వాత నట్టు వదులవుతుంది.

కాలం కూడా చూసుకోవాలి. సంక్రాంతి వెళ్ళాక ఉగాది వచ్చేదాకా మన వాతావరణం ఈ పనికి వరం. మే నెల ఎండలో రంగు సర్దుకునేలోపే ఆరిపోయి గరుకుబారుతుంది. శ్రావణం తేమలో త్వరగా ఆరే లాకర్ రంగులు తెల్లగా పాలుకారినట్టు అవుతాయి. ఇక చేతికి అంటుకోనంత మాత్రాన ఎనామెల్ ఆరిందనుకోవద్దు. లోపల గట్టిపడడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈలోపు బిగించిన ప్రతి క్లిప్పూ రంగులోకి దిగబడుతుంది.

గీత, రాత

ఇక ఈ పనిలో నాకు ప్రాణమైన ఘట్టం. నల్లటి ఫ్రేమ్ మీద బంగారు రంగు సన్నగీతలు గుర్తున్నాయా? గొట్టం రెండు చివర్లా, మడ్‌గార్డు అంచుల వెంట, చైన్ కవర్ చుట్టూ ఉండేవి. దాన్ని లైనింగ్ అంటారు. కొలబద్ద లేకుండా, పొడుగాటి మెత్తటి కుచ్చున్న బ్రష్‌తో, ఉంగరపు వేలూ చిటికెన వేలూ గొట్టానికి ఆనించి, ఊపిరి బిగపట్టి లాగే గీత అది. స్టిక్కర్ గీత అంతటా ఒకే మందంలో చచ్చినట్టు ఉంటుంది. చేతి గీత మొదట సన్నగా పుట్టి, మధ్యలో నిండి, చివర సన్నగా కలిసిపోతుంది. ముందు పాత గాజు సీసా మీద సాధన చేయండి. కింది రంగు బాగా గట్టిపడ్డాకే ఫ్రేమ్ మీద మొదలుపెట్టండి. అప్పుడు వంకర పోయినా కిరసనాయిలు గుడ్డతో తుడిచి మళ్ళీ గీయొచ్చు.

సొంత రంగులు, సొంత నగిషీలు కావాలనుకునేవాళ్ళు ఎక్కడి నుంచో తెచ్చుకోనక్కర్లేదు. నిర్మల్ చిత్రకారులు నల్లటి నేల మీద బంగారు వన్నె తీగలు అల్లారు. వాళ్ళు ఎంతోకాలంగా వాడుతున్న డ్యూకో రంగులు మోటారు కార్ల రంగులే. కాబట్టి ఆ పనితనం సైకిల్ ఇనుముకి పరాయిది కాదు. చైన్ కవర్ మీద పెడన కలంకారీ అంచు, మడ్‌గార్డు మీద చేర్యాల ఎరుపు, రిమ్ముల మధ్య ఏటికొప్పాక లక్క బొమ్మల పసుపు ఎంత బాగుంటాయో ఊహించండి. కాకపోతే ఒక బండి మీద ఒక్కటే చాలు. పై గొట్టం మీద అన్నీ గుమ్మరిస్తే ఏదీ కనబడదు.

తెలుగులో పేరు రాయాలనుకుంటే ఒక చిక్కుంది. గొట్టం మందం అంగుళం పైచిలుకు, అది కూడా గుండ్రం. ఎదురుగా నిలబడితే కంటికి అందే పట్టీ ముప్పావు అంగుళమే. పైన గుడి, కింద వత్తు ఉన్న పేర్లు అందులో ఇమడవు. ‘కమల’ హాయిగా కూర్చుంటుంది. ‘లక్ష్మి’ రాయాలంటే అక్షరం చిన్నదై మూడు అడుగుల దూరం నుంచి చదవలేం. అలాంటి పేర్లకి చైన్ కవరే సరైన చోటు. అక్కడ వత్తులు దిగడానికి జాగా ఉంటుంది.

మళ్ళీ బిగించాక

బిగింపు విప్పిన వరుసకి తిరగేసి చేయడమే, కాబట్టి పొడిగించను. బాల్సుకి గ్రీజు దండిగా పెట్టండి. ఇరుసు మీద బాల్సుని నొక్కిపట్టే కోనుని, చక్రం పక్కలకి ఆడకుండా, అలాగని బిగుసుకోకుండా మధ్యస్థంగా సరిచేయండి. కాటర్ పిన్నులు రెండూ ఒకదానికొకటి ఎదురు దిక్కుల నుంచి దూరాలి, లేకపోతే పెడల్స్ ఒక వరసలో ఉండవు. చక్రం బెండు తీయడం మాత్రం షాపు బాబాయ్‌కే వదిలేయండి. ముందు ముప్పై రెండు, వెనక నలభై స్పోకుల బిగువుని వేలితో మీటి గ్రహించే విద్య ఒక ఆదివారంలో రాదు. మొదటి వారం తొక్కాక అన్ని నట్లూ మరోసారి బిగించాలి. కడ్డీ బ్రేకులు వానలో సరిగ్గా పట్టవు, తడి రోడ్డు మీద ముందు నుంచే నెమ్మదించాలి.

ఇంత చేశాక దాన్ని హాల్లో గోడకి తగిలించేవాళ్ళున్నారు. నా మనసు ఒప్పుకోదు. తొక్కని సైకిల్‌లో గ్రీజు గట్టిపడుతుంది, టైరు ఒకేచోట నొక్కుకుపోయి పగులుతుంది. కూరల సంచీ తగిలించుకుని రైతుబజారుకి వెళ్ళిరండి. రంగు మీద కొత్త గీతలు పడతాయి. పడనివ్వండి.

చివరగా ఒక విన్నపం. ఫ్లెక్సీ బ్యానర్లు వచ్చాక మన ఊళ్ళల్లో బోర్డులు రాసే ఆర్టిస్టులకి పని పోయింది. కొందరు ఆటోల వెనకా, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల లారీల మీదా ఇంకా బ్రష్ పట్టుకుని ఉన్నారు. సన్నగీత లాగగల చెయ్యి వాళ్ళది. మీ సైకిల్‌కి ప్రైమర్, రంగు మీరే వేసుకోండి. గీత కుదరకపోతే స్టిక్కర్ కోసం వెతక్కుండా, మీ ఊళ్ళో అలాంటి ఆర్టిస్టు ఎవరున్నారో కనుక్కుని బండిని ఆయన దగ్గరికి నడిపించుకుని వెళ్ళండి. అడిగినంత ఇచ్చి, పక్కన పిల్లల్ని కూర్చోబెట్టి, గీస్తుంటే చూడనివ్వండి.